పేపరులో పేర్ల వరస: జియాలజీ, వైద్యం, స్టాటిస్టిక్స్ కలిసినప్పుడు ఎవరి పద్ధతి?

బోరునీళ్ళు (అనంతపురం)

అనంతపురం పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుంది, పిల్లల పళ్ళ మీద దాని గుర్తులు ఎట్లున్నాయి అని ఒక పేపరు తయారైంది. జర్నలు ఖాయం కాలేదు. పబ్లిక్ హెల్త్ వైపు ఒకటి, హైడ్రాలజీ వైపు ఒకటి చూస్తున్నాం.

పని ఎవరెవరు చేశారంటే: నమూనాలు తీసి ఎలక్ట్రోడుతో ఫ్లోరైడు కొలిచింది, మొదటి ముసాయిదా రాసింది నేను, జియాలజీ స్కాలర్‌ని. ఆలోచన, ప్రాజెక్టు డబ్బు మా గైడుగారివి. పళ్ళు చూసి డీన్ సూచిక (పళ్ళ మీది ఫ్లోరైడు మచ్చల తీవ్రతకు గ్రేడు వేసే పద్ధతి) ప్రకారం గ్రేడు వేసింది కర్నూలు డాక్టరు మేడమ్. మోడల్ కట్టింది కడప స్టాటిస్టిక్స్ సార్. ప్రశ్నావళిని పల్లె జనానికి అర్థమయ్యే తెలుగులోకి మార్చింది తెలుగు శాఖ మిత్రుడు. వీళ్ళు కాక ల్యాబు టెక్నీషియన్ ఒకాయన, జీపు మంజూరు చేసిన శాఖాధిపతి ఉన్నారు.

గైడు పేరు చివర రావాలని మేడమ్ అంటారు. అక్షర క్రమంలో పెట్టేస్తే గొడవే లేదని స్టాటిస్టిక్స్ సార్. గైడుగారేమో మా శాఖలో గైడు రెండో పేరే కదా అంటారు. ఎవరి మాట పట్టుకోవాల? టెక్నీషియన్, అనువాదం చేసినాయన, శాఖాధిపతి రచయితలా కాదా?

ఇంకొకటి. నా పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం, చివర రెడ్డి. సబ్మిషన్ ఫారంలో ఫ్యామిలీ నేమ్ గడిలో ఏం రాయాలి?

రాళ్ళసీమ (అనంతపురం)

ముగ్గురూ తమ తమ శాఖల్లో సరిగ్గానే చెప్తున్నారు. వరసకు అర్థం శాఖను బట్టి మారుతుంది, అందుకే పేర్ల వరస ఒక్కటే చూసి ఎవరేం చేశారో చెప్పలేం.

వైద్యం, జీవశాస్త్రాల్లో మొదటి పేరు చేతులు పెట్టి పని చేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబు నడిపేవాళ్ళది. నడిమధ్యన ఉన్నవాళ్ళకు దక్కేది తక్కువ. గణితం, ఆర్థికశాస్త్రం, సైద్ధాంతిక కంప్యూటర్ సైన్సులో అక్షర క్రమం మామూలు, అక్కడ మొదటి పేరుకు ప్రత్యేక గౌరవం ఏమీ లేదు. అణుకణ భౌతికశాస్త్రం సంగతి ఇంకో తీరు. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద అట్లాస్, సీఎంఎస్ అనే ప్రయోగ బృందాలు కలిసి వేసిన పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లే. అక్కడ డిటెక్టరు కట్టినవాళ్ళు, నడిపినవాళ్ళు అందరూ రచయితలే. బృందం పెట్టిన అర్హత పని ముగించినవాళ్ళ పేరు జాబితాలోకి ఎక్కుతుంది, ఆ పేపరులో ఒక్క వాక్యం రాయకపోయినా సరే. చరిత్ర, సాహిత్యంలో దీనికి పూర్తిగా తిరగబడి, గైడు ఎంత దిద్దినా పేపరు స్కాలర్ ఒక్కరి పేరు మీదే రావడం ఎక్కువ.

మీ పేపరుకు ఏ శాఖ పద్ధతి అనే ప్రశ్నకు జవాబు మీ ఐదుగురి దగ్గర లేదు, జర్నలు దగ్గర ఉంది. ముందు జర్నలు ఖాయం చేసుకోండి. పబ్లిక్ హెల్త్ జర్నలు అయితే దాదాపుగా ఐసీఎంజేఈ (వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాలే. నాలుగు షరతులు, నాలుగూ కలిసి ఉండాలి: ఒకటి, ఆలోచనలోనో, దత్తాంశాల సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర; రెండు, ముసాయిదా రాయడమో, విషయం మీద నిలదీసి సవరించడమో; మూడు, చివరి ప్రతికి ఆమోదం; నాలుగు, పేపరులో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా దాన్ని తేల్చే బాధ్యత. నాలుగోది 2013లో చేరింది. డబ్బు తేవడం ఒక్కటే, శాఖను పర్యవేక్షించడం ఒక్కటే, భాష దిద్దడం ఒక్కటే చేసినవాళ్ళు రచయితలు కారని అదే పత్రం తేటగా చెప్తుంది. జీపు మంజూరు కూడా ఆ కోవలోదే. శాఖాధిపతిగారిది కృతజ్ఞతల్లో ఒక వాక్యం, అంతే.

ఇక్కడ చానామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండో షరతును కత్తిలా వాడతారు. "ఆయన ఒక్క వాక్యం రాయలేదు కదా, తీసెయ్" అంటారు. మొదటి షరతు తీరినవాళ్ళకు ముసాయిదా చదివి సవరించే అవకాశం ఇవ్వాల్సిందేనని ఆ నియమాల్లోనే ఉంది. టెక్నీషియన్ మీరు చెప్పినట్లు బఫరు కలిపి రీడింగులు రాసి ఉంటే కృతజ్ఞత చాలు. అట్లా కాదు, ఎలక్ట్రోడు క్రమాంకనం ఆయనే నిర్ణయించి, అల్యూమినియం అడ్డొచ్చి రీడింగు తగ్గిన నమూనాలను పట్టుకుని పద్ధతి మార్చి ఉంటే అది మేధోపరమైన పనే. ఆయనకు ముసాయిదా పంపండి. జీతం తీసుకున్నాడు కాబట్టి రచయిత కాడనే మాట ఏ నియమంలోనూ లేదు. జీతం ప్రొఫెసర్లూ తీసుకుంటారు.

పుస్తకాల_బీరువా (కడప)

పేరు సంగతి నేను చెప్తాను, లైబ్రరీలో రోజూ వచ్చే తలనొప్పి ఇదే.

ఉదాహరణకు బండి నాగార్జున రెడ్డి అనుకుందాం. మన వాడుకలో బి. నాగార్జున రెడ్డి. ఫారం నింపేవాళ్ళు చివరి మాటను ఫ్యామిలీ నేమ్ అనుకుంటారు, కాబట్టి డేటాబేసులో "రెడ్డి బి.ఎన్." అవుతుంది. ఇంకో జర్నలులో నాగార్జున రెడ్డి బి. అని ఇస్తే ఇంటిపేరు "బి" అనే ఒంటి అక్షరమై, "బి ఎన్.ఆర్." అని కూర్చుంటుంది. మనిషి ఒక్కడే, పేపర్ల డేటాబేసు స్కోపస్‌లో ప్రొఫైళ్ళు రెండు. అదే సమయంలో బి.ఎన్. పొడి అక్షరాలున్న మిగతా రెడ్లందరూ ఒకే ప్రొఫైలులో కలిసిపోతారు. సీమలో ఇది ఎంత మందో మీరే లెక్కేసుకోండి.

ఇంతవరకూ పేపర్లు లేనివాళ్ళకు నా సలహా: పొడి అక్షరం విప్పండి. ఫ్యామిలీ నేమ్ గడిలో బండి, గివెన్ నేమ్ గడిలో నాగార్జున రెడ్డి. సైటేషన్‌లో "బండి ఎన్.ఆర్." అని వస్తుంది, ఇంకొకరితో కలిసే అవకాశం బాగా తగ్గుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో చూసుకుని దాన్నే పెట్టుకుంటే విదేశీ కాన్ఫరెన్సు ఉత్తరాలప్పుడు ఇబ్బంది ఉండదు. ఇప్పటికే రెడ్డిగా పేపర్లు వచ్చి ఉంటే మాత్రం మార్చొద్దు, ఉన్నదాన్నే చివరిదాకా లాగండి. మూడో రూపం పుట్టిస్తే పాత రెండింటికంటే కష్టం.

ఏ రూపం పెట్టుకున్నా ఆర్కిడ్ (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు) నంబరు తీసుకోండి. 2012 నుంచి ఉంది, ఉచితం. పదహారు స్థానాలు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. చివరి స్థానం తప్పును పట్టే గుర్తు, అది ఒక్కోసారి అంకె కాకుండా ఎక్స్ అక్షరం అవుతుంది, కంగారు పడొద్దు. అక్కడ గివెన్ నేమ్ తప్పనిసరి, ఫ్యామిలీ నేమ్ తప్పనిసరి కాదు. "ఇతర పేర్లు" అనే చోట మీ పేరు అచ్చులో వచ్చే రూపాలన్నీ, తెలుగు లిపిలో సహా, రాసిపెట్టండి. రెండు ఈమెయిళ్ళు కలపండి, ఒకటి సొంతది. యూనివర్సిటీ మెయిలు ఒక్కటే ఇచ్చినవాళ్ళు పీహెచ్‌డీ ముగిసి ఆ మెయిలు ఆగిపోయాక లోపలికి పోలేరు. పేపరులో కరస్పాండెన్సు మెయిలుకూ ఇదే వర్తిస్తుంది.

ఆర్కిడ్ నంబరు ఫారంలో చేత్తో టైపు చేయకండి. జర్నలు ఇచ్చే లింకు నొక్కి, లాగిన్ అయి అనుమతి ఇవ్వండి. అప్పుడే అది మీదేనని రుజువైనట్లు. డీఓఐ, అంటే పేపరు శాశ్వత గుర్తింపు సంఖ్య, రిజిస్టర్ అయ్యేటప్పుడు దాన్ని నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కు పోయేది ఆ ఫారంలోని సమాచారమే, పీడీఎఫ్ మొదటి పేజీ కాదు. పీడీఎఫ్‌లో పేరు ఒప్పుగా, మెటాడేటాలో (డేటాబేసులకు పోయే వివరాల్లో) తప్పుగా ఉండటం మామూలు. అందుకే ప్రూఫు వచ్చినప్పుడు పేర్ల గడులు ఎట్లా విడదీశారో కూడా చూపించమని అడగండి. తర్వాత దిద్దించాలంటే ప్రచురణకర్తే మళ్ళీ జమచేయాలి, నెలలు పడుతుంది.

ఒక చిన్న విచిత్రం. ఆ క్రాస్‌రెఫ్ రికార్డులో ప్రతి రచయితకూ వరస గుర్తు ఒకటి ఉంటుంది. దానికి విలువలు రెండే: మొదటివాడు, అదనపువాడు. మీ గైడుగారు రెండో పేరు కోసం పట్టుబట్టినా ఆ గుర్తు దృష్టిలో రెండోవాడూ ఐదోవాడూ ఒక్కటే. ఏపీఏ సైటేషన్ పద్ధతిలో కూడా ముగ్గురో అంతకు మించో ఉంటే వ్యాసం నడుమ మొదటి పేరు, "తదితరులు" అంతే.

సిగ్మా_కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అక్షర క్రమం అడిగిన సార్ పక్షాన ఒక మాట, ఆయనకు వ్యతిరేకంగా ఒక మాట.

గణితంలో ఆ పద్ధతి ఎందుకు నిలిచిందంటే, ఒక రుజువులో ఎవరి వంతు ఎంత అని కొలవడం కుదరదు. కలిసి కూర్చుని బోర్డు మీద చేసిన పనికి వాటాలు వేయలేం. మీ పేపరు అట్లా కాదు, ఎవరి పని వాళ్ళది విడిగా కనబడుతూనే ఉంది. పైగా పబ్లిక్ హెల్త్ జర్నలు చదివేవాళ్ళు అక్షర క్రమాన్ని అక్షర క్రమంగా చదవరు, మొదటి పేరువాళ్ళే ఎక్కువ చేశారనుకుంటారు. అక్షర క్రమం పెడితే "పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి" అని అడుగున రాయాల్సిందే. అందులోనూ మన పేర్లను ఏ అక్షరం కింద చేర్చాలి? ఇంగ్లీషు వరసలో బండికి బి, రెడ్డికి ఆర్. పైన చెప్పిన గడిలో ఏం రాశారో దాన్ని బట్టి అదే మనిషి మొదటివాడూ అవుతాడు, చివరివాడూ అవుతాడు.

అక్షర క్రమం అందరికీ సమానం అనేదీ నిజం కాదు. అమెరికాలోని పేరున్న ఆర్థికశాస్త్ర శాఖల మీద 2006లో వచ్చిన ఒక పరిశీలనలో, ఇంటిపేరు అక్షరమాల మొదట్లో ఉన్నవాళ్ళకు పర్మనెంటు ఉద్యోగం దక్కే అవకాశం ఎక్కువని తేలింది. అక్షర క్రమం పాటించని మనస్తత్వశాస్త్రంలో ఆ తేడా కనబడలేదు. దీనికి విరుగుడుగా అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ చీటీ పద్ధతిని ఒప్పుకుంది. వరసను యాదృచ్ఛికంగా తీసి, పేర్ల నడుమ వృత్తంలో ఆర్ అక్షరం వేస్తారు. మీ జర్నలులో అది చెల్లదు, తెలియడానికి చెప్పానంతే.

ఉద్యోగానికి, ప్రమోషనుకు పేపర్లకిచ్చే మార్కుల లెక్క కూడా దాచకుండా మాట్లాడుకోండి, గొడవ అక్కడే కదా. 2018 యూజీసీ నిబంధనల అనుబంధం 2, రెండో పట్టిక ప్రకారం రచయితలు ఇద్దరైతే ఒక్కొక్కరికీ పేపరు విలువలో 70 శాతం. ఇద్దరు దాటితే మొదటి, లేదా ముఖ్య, లేదా కరస్పాండింగ్ (జర్నలుతో ఉత్తరాలు నడిపే) రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. సైన్సు పేపరు మూల విలువ 8 కాబట్టి 5.6, 2.4. చూశారా, రెండో స్థానానికీ నాలుగో స్థానానికీ తేడా సున్నా. గైడుగారు కరస్పాండింగ్ రచయితగా చివర ఉంటే రెండో స్థానంలో ఉన్నదానికంటే ఆయనకే మేలు. మొదటి రచయిత వేరు, కరస్పాండింగ్ వేరు అయినప్పుడు ఇద్దరికీ 70 ఇవ్వాలా అనేది ఆ పట్టికలో విడమరచలేదు, కమిటీలు తలో రకంగా చదువుతాయి. మీ యూనివర్సిటీ క్వాలిటీ సెల్‌లో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. యూజీసీ 2025లో కొత్త ముసాయిదా కూడా వదిలింది, కాబట్టి ఉద్యోగ ప్రకటనలో ఏ నిబంధనలు రాశారో అవే చూడాలి. వైద్య కాలేజీల లెక్క వేరు. మేడమ్‌కు ప్రమోషను నిబంధనల్లో ఏ స్థానం చెల్లుతుందో ఆమెనే అడగండి, అవి తరచూ మారుతుంటాయి.

మోడల్ కోడు, దత్తాంశాలు వేరుగా జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే వాటికి వేరే డీఓఐ, వేరే రచయితల జాబితా వస్తుంది. పేపరులో నడుమ ఎక్కడో ఉండే స్టాటిస్టిక్స్ సార్ కోడుకు మొదటి పేరు కావచ్చు. ఐదుగురి పేర్లూ యథాతథంగా అక్కడ దించాల్సిన పని లేదు. పిల్లల వివరాలు మాత్రం ఊరి పేరుతో సహా తీసేసి పెట్టాలి.

కైఫీయతు (కడప)

అనువాదం చేసినాయన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నా. ఇంగ్లీషు ప్రశ్నలను కూర్చుని తెలుగు చేసి ఇచ్చి ఉంటే కృతజ్ఞత. ఆ తెలుగును ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషు చేయించి పోల్చి, పల్లెలో కొందరిని అడిగి చూసి, "ఉప్పు నీళ్ళు", "చౌడు నీళ్ళు" అని జనం వేరుచేసే మాటలు పట్టుకుని ప్రశ్నలనే మార్చి ఉంటే అది పద్ధతి తయారుచేయడం. అప్పుడు ఆయన రచయిత, ముసాయిదా చదివించండి.

మా వైపు శాఖల్లో రచన ఒక్కరిదే అని రాళ్ళసీమ గారు అన్నది సగమే. పేపరు ఒక్కరిదే, కానీ ఆ పేపరు నిలబడిన మూలానికి పొరలు పొరలుగా కర్తలు ఉంటారు. కడప కైఫీయతులనే, అంటే ఊళ్ళ చరిత్రల రాతప్రతులనే, తీసుకోండి. ఊరి సంగతి చెప్పింది కరణం, కవిలె (ఊరి లెక్కల పుస్తకం) కూడా ఆయనదే. రాసుకున్నది సర్వేయరు కోలిన్ మెకంజీ గుమస్తాలు, ఆ పని నడిపినవాళ్ళలో కావలి సోదరులు ముఖ్యులు. తర్వాత నకళ్ళు రాయించింది బ్రౌన్. ఇప్పుడు అచ్చు పుస్తకం మీద ఉండేది సంపాదకుల పేరు. "మెకంజీ రాశాడు" అని సైటేషన్ పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మెకంజీ సేకరింపజేశాడు, ఆయనకు తెలుగు రాదు. సరైన పద్ధతి: ఊరి పేరు, కైఫీయతు, రాతప్రతి సంఖ్య, నకలో మూలమో, సంపాదకుల పేరు, అచ్చయిన ఏడు. శాసనాలకూ అంతే. గుర్తించినవారు, రాతి మీది అక్షరాలను కాగితం మీదికి అచ్చుతీసినవారు, పాఠం ప్రకటించినవారు వేరువేరు కావచ్చు. ఎపిగ్రఫీ వార్షిక నివేదికలో సంఖ్య వేయడం ఒకటి, ఎపిగ్రాఫియా ఇండికా పత్రికలో పాఠం ప్రకటించడం ఇంకొకటి. రెండూ ఇవ్వాలి.

అడవిమొగి (కడప)

పొరలంటే మా వృక్షశాస్త్రంలో మొక్క పేరు వెనకే అంటించి ఉంటాయి. శేషాచలం మొగిచెట్టు శాస్త్రనామం సిజీజియం ఆల్టర్నిఫోలియం, దాని వెనక (వైట్) వాల్ప్. అని రాస్తాం. మొదట యూజీనియా కింద పేరు పెట్టింది వైట్, అందుకే ఆయన బ్రాకెట్టులో. సిజీజియంలోకి మార్చింది వాల్పర్స్, ఆయన బయట. జంతుశాస్త్రంలో బ్రాకెట్టు ఉంటుంది గానీ మార్చినవాడి పేరు సాధారణంగా రాయరు, బదులుగా ఏడు వేస్తారు. మన లంకమల కలివికోడికి (బ్లైత్, 1848). పిట్టను సేకరించింది జెర్డన్, ఇంగ్లీషు వాడుక పేరులో ఉన్నది జెర్డనే, కానీ వర్ణించి ప్రకటించింది బ్లైత్ కాబట్టి శాస్త్రనామం వెనక ఆయనే. సేకరించినవాళ్ళకు అక్కడ స్థానం లేదు. స్కాలర్లు ఆ బ్రాకెట్టును అలంకారం అనుకుని టైపింగులో ఎగరగొడతారు, అర్థమే మారిపోతుంది.

బోరునీళ్ళు (అనంతపురం)

అందరికీ దండాలు. పబ్లిక్ హెల్త్ జర్నలే ఖాయం చేశాం. అక్కడ క్రెడిట్ పాత్రలు, అంటే ఎవరు ఏ పని చేశారో, రాయమంటున్నారు. అది ఎట్లా నింపాల? ఇంకొకటి, రివ్యూ వచ్చాక పేరు కలపాల్సి వస్తే?

రాళ్ళసీమ (అనంతపురం)

క్రెడిట్‌లో పాత్రలు 14. 2022లో అమెరికా జాతీయ ప్రమాణం కూడా అయింది. ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, సరిచూడటం, విశ్లేషణ, పరిశోధన అంటే నమూనాలు తీసి కొలవడం లాంటిది, వనరులు, దత్తాంశాల నిర్వహణ, మొదటి ముసాయిదా, సవరణ, పటాలు, పర్యవేక్షణ, ప్రాజెక్టు నిర్వహణ, నిధులు. ఒకరికి ఎన్నైనా ఉండొచ్చు, ఒక పాత్ర ఎందరికైనా ఉండొచ్చు. ముఖ్యపాత్ర, సమానపాత్ర, సహాయపాత్ర అని కూడా చెప్పొచ్చు, జర్నలు ఒప్పుకుంటే. అనువాదానికి పాత్ర లేదు. కైఫీయతు గారు చెప్పిన పని జరిగి ఉంటే "పద్ధతి" కింద వేయండి.

మెలిక ఏమంటే, క్రెడిట్ పాత్ర దొరికింది కాబట్టి రచయిత అనుకోకూడదు. "నిధులు", "వనరులు" అందులో పాత్రలే, కానీ అవి ఒక్కటే ఉంటే ఐసీఎంజేఈ ప్రకారం రచయిత కాడు. ముందు నాలుగు షరతులతో జల్లెడ పట్టి, మిగిలినవాళ్ళకే పాత్రలు పంచండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీరు మొదట, మేడమ్, స్టాటిస్టిక్స్ సార్, అర్హత తేలితే తెలుగు మిత్రుడు, టెక్నీషియన్, చివర గైడుగారు కరస్పాండింగ్‌గా. మేడమ్ వంతు మీ వంతుకు సమానమని ఇద్దరూ అనుకుంటే పేర్ల మీద చుక్క పెట్టి "సమాన భాగస్వామ్యం" అని రాయొచ్చు. ఎవరి పేరు ముందుండాలో అప్పుడూ తేల్చుకోవాల్సిందే.

పేరు కలపడం, తీయడం, వరస మార్చడం ఏదైనా సబ్మిట్ చేశాక కష్టం. కారణం రాసి, తీసేసే మనిషితో సహా అందరూ సంతకం పెట్టిన ఉత్తరం అడుగుతారు. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఎడిటరు పేపరును ఆపుతారు. తగవు తీర్చడం తమ పని కాదు, మీ సంస్థలో తేల్చుకుని రండి అంటారు. అచ్చయ్యాక అయితే సవరణ ప్రకటన వేయాలి, అది పేపరుకు శాశ్వతంగా అంటుకుంటుంది. రివ్యూలో కొత్త విశ్లేషణ అడిగి, దానికి కొత్త మనిషి నిజంగా పని చేస్తే ఒప్పుకుంటారు. అంగీకారం వచ్చాక ఉన్నట్టుండి ఒక పేరు చేరిస్తే మాత్రం ఎడిటర్లకు పేరు అమ్ముకున్నారేమోనని అనుమానం వస్తుంది.

కృతజ్ఞతల్లో పేరు వేసేవాళ్ళ దగ్గర కూడా రాతపూర్వక అనుమతి తీసుకోండి. పేరు అక్కడుంటే పేపరు నిర్ణయాలను వాళ్ళు ఆమోదించారని చదివేవాళ్ళు అనుకోవచ్చు. భాష దిద్దడానికి చాట్‌జీపీటీ లాంటిది వాడి ఉంటే జర్నలు చెప్పిన చోట ఏ పనికి వాడారో రాయాలి. దాన్ని రచయితగా పెట్టకూడదు, బాధ్యత తీసుకోవడం దానికి కుదరదు కాబట్టి.

పుస్తకాల_బీరువా (కడప)

ఒక్కటి కలుపుతా. రచయితలందరి ఆర్కిడ్లు, పేరు గడులు, సంస్థ పేరు ఒకే తీరుగా ఒక షీటులో ముందే రాసుకుని అందరి చేతా మెయిలులో "సరే" అనిపించుకోండి. సబ్మిషన్ నొక్కేది ఒక్కరే, మిగతావాళ్ళ ఇంటిపేర్లు తప్పేది అక్కడే. సంస్థ పేరు కూడా పొడి అక్షరాలతో కాకుండా పూర్తిగా, ఊరు, పిన్‌కోడుతో ఇవ్వండి. టెక్నీషియన్ అన్నకు ఆర్కిడ్ లేకపోతే పక్కన కూర్చుని తీయించండి, ఐదు నిమిషాల పని. మెయిలుకు వచ్చే నిర్ధారణ లింకు నొక్కడం మరవొద్దు.

బోరునీళ్ళు (అనంతపురం)

షీటు ఈ రాత్రికే పంపుతా అక్కా. టెక్నీషియన్ అన్నకు ముసాయిదా పంపినాం. అల్యూమినియం అడ్డు సంగతి ఆయనే పట్టుకున్నాడని లాగ్‌బుక్కులో ఉంది, పద్ధతి విభాగంలో ఆ పేరా ఆయనతోనే రాయిస్తున్నాం.